నేలపలకల కింద సరుకు

తాతబాబు దృష్టిలో సరుకు రెండే రకాలు. కంటికి కనిపించే చోట వేసేది ఒకటి, కనిపించని చోట వేసేది ఒకటి. కనిపించేదానికి చెయ్యి వెనక్కి తీయకూడదు, అక్కడ పెట్టింది పేరై తిరిగొస్తుంది. కనిపించని చోట కొత్త సరుకు వేసినవాడు ఎన్నేళ్ళు కొట్టు నడిపినా వ్యాపారం నేర్చుకోనట్టే. మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్ ఊరి బజారులో హార్డ్‌వేర్ కొట్టు పెట్టి, పెంచి, పక్క గది కూడా కలుపుకున్న మనిషికి ఈ లెక్క ఏనాడూ తప్పలేదు. మరిడమ్మ పిన్ని ఇంటి దగ్గర తప్పింది.

పిన్నిది నదికి దగ్గరగా సిమెంటు స్తంభాల మీద నిలబెట్టిన పాత చెక్క ఇల్లు. పైన జింకు రేకులు. నేలంతా చెక్క పలకలు. కింద మనిషి వంగి తిరిగేంత ఖాళీ ఉంటుంది. పెద్ద పోటు వచ్చినప్పుడు నది నీళ్ళు ఆ ఖాళీలోకి వచ్చి, కాసేపు నిలిచి, వెళ్ళిపోతాయి. పలకకీ పలకకీ మధ్య సందులున్నాయి. పైన ఊడిస్తే దుమ్ము కిందికి రాలుతుంది, కింద కోడి కూస్తే పక్కలో కూసినట్టే ఉంటుంది. ఆ ఇంట్లో మరిడమ్మ, కూతురు నాగవల్లి ఉంటారు. నాగవల్లి పక్క పట్నం తెలుక్ ఇంతాన్‌లో ఒక లాయరు ఆఫీసులో పనిచేస్తుంది.

మరిడమ్మకి షుగరు. కాలి మడమ దగ్గర పుండు లేచి ఎంతకీ ఆరలేదు. చెమట పట్టకుండా, పొడిగా, చల్లగా ఉంచమని డాక్టరు చెప్పాడు. నాగవల్లి గదికి ఏసీ పెట్టించింది. మిషను రాత్రింబగళ్ళు గురగురలాడింది కానీ గది చల్లబడలేదు. పై నుంచి రేకుల వేడి దిగుతుంటే, కింది సందుల్లోంచి చల్లదనం జారిపోయేది.

"అన్నయ్యా, ఏసీ ఏసింది అమ్మకి, సల్లబడింది మా కోళ్ళకి," అంది నాగవల్లి కొట్టుకొచ్చి. "కరెంటు బిల్లు మాత్రం మా పేరునే వస్తంది. ఏటన్నా దారి సెప్పు."

తాతబాబు వెళ్ళి చూశాడు. రేకుల కింద వెండి రేకు కాగితం పరవాలి, నేలపలకల కింద దూలాల మధ్య వేడి ఆపే బోర్డులు బిగించాలి, దాని కింద మళ్ళీ రేకు కాగితం వేసి అంచులు టేపుతో మూసెయ్యాలి. పని తెలిసిన పనే.

"నాను సేసి పెడతాను చెల్లీ. అమ్మ సెల్లెలికి సేసే పనికి బిల్లేటి?" అన్నాడు. కొట్టుకి తిరిగొచ్చాకే ఆ మాట అన్నాడు, అప్పుడు అక్కడ నలుగురున్నారు.

ఆ బోర్డులు కొట్టు వెనక గోడౌన్‌లో కొత్తవి దొంతరగా ఉన్నాయి. కానీ వాటిని ఒక మేస్త్రీకి మాటిచ్చి ఉంచాడు. ఉమ్మితో గూడు కట్టే పిట్టల కోసం, ఆ గూళ్ళు మంచి ధరకి అమ్ముకోవడానికి, ఆ ఊళ్ళో కిటికీలు లేని మేడలు కడతారు. ఆ మేస్త్రీ అలాంటి మేడలే కడతాడు, సరుకు విడవకుండా కొంటాడు. పిట్టల మేడకి పోయే సరుకు పిన్ని నేల కిందికి పోతే వ్యాపారానికి అది చిల్లు. తాతబాబు రేవుకి వెళ్ళాడు. చేపల దళారీ రెంగసామి దగ్గర పాత థర్మాకోల్ పెట్టెలు గుట్టగా పడి ఉన్నాయి, ఐసు నింపి చేపలు పంపేవి. తీసుకుపో, నాకు జాగా ఖాళీ అవుతుందన్నాడు రెంగసామి.

తాతబాబు వాటిని సబ్బుతో తోమాడు, బ్లీచింగు నీళ్ళలో ముంచాడు, ఎండలో ఆరబెట్టాడు. ముక్కు ఆనించి మరీ వాసన చూశాడు. ఏమీ రాలేదు. అతని మనసుకి అతను ఇచ్చుకున్న రసీదు అదే. పలకలుగా కోసి, నీలి రంగు చేప బొమ్మ అచ్చు ఉన్న వైపు పైకి తిప్పి దూలాల మధ్య బిగించాడు, కింద మెరిసే రేకు పరిచి టేపు వేశాడు. పనివాడిని పెట్టుకుంటే పనివాడికి నోరుంటుందని తనే చేశాడు. కింద దూరి చూసినవాడికి వెండి తప్ప ఇంకేమీ కనిపించదు. జింకు కింద మాత్రం మేలురకం కాగితమే వేశాడు. అది పడుకున్నవాళ్ళకి కనిపిస్తుంది మరి.

గది చల్లబడింది. మరిడమ్మ దుప్పటి కప్పుకుని పడుకుందని ఊరంతా చెప్పుకున్నారు. అమ్మవారి గుడి మీటింగులో తాతబాబుని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, సొంత తల్లికైనా ఎవరు చేస్తారిలా అన్నారు. అతను తల వంచుకుని వినయంగా నవ్వాడు. ఖర్చు లేకుండా వచ్చిన పేరు కంటే నికరమైన లాభం ఏముంది?

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. పోట్లు పెద్దవయ్యాయి. పిన్ని ఇంటికి వెళితే ఆమె తలుపు సగమే తీసి, "ఆడే ఉండు బాబూ, లోపలికి రాకు. ఇల్లంతా సిందరవందరగున్నాది," అనేది. మొదట్లో గుమ్మంలోనైనా మాట్లాడేది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని రెండు మాటలతో పంపించేసేది. పెద్ద వయసు, అలసట అనుకున్నాడతను. కొట్టులో పని ఉంది కనుక అది అతనికీ వీలుగానే ఉంది.

ఒక పెద్ద పోటు తీసిన పొద్దున, టేపు ఊడిందేమో చూద్దామని వెళ్ళాడు. పైకి పిలవకుండానే బురదలో చెప్పులు విడిచి ఇంటి కిందికి దూరాడు. రేకు బాగానే ఉంది. ఏసీ గొట్టం దిగే కన్నం ఒక్కటి అతను మూయలేదు. దానిలోంచి మాటలు పడ్డాయి.

"కిటికీ తియ్యి వళ్ళీ," అంటోంది మరిడమ్మ.

"ఏసీ ఓడుదు, నడుస్తా ఉంది కదక్కా. జన్నల్ తీస్తే సల్లదనం పోదా?" పక్కింటి వళ్ళియమ్మై గొంతు. ఆమె మాట సగం తెలుగు, సగం తమిళం.

"పోనీ. నీకు రావట్లేదేటి వాసన? నా తల మీద సెయ్యేసి సెప్పు."

వళ్ళియమ్మై గట్టిగా ముక్కు ఎగబీల్చింది. "కొంచెం వస్తా ఉంది," అంది. "మళై కాలం అక్కా. వానకి అన్నీ ముక్కిపోతాయి."

"వాన కాదు. నా కాలు. కుళ్ళిపోతంది లోపల."

"డాక్టర్ నల్లా ఇరుక్కు, బాగుంది అన్నాడు కదా! ఆరతా ఉంది అన్నాడు."

"ఆడు కళ్ళతో సూసినాడు. ముక్కుతో సూసినాడేటి? మూతికి మాస్కు ఎట్టుకున్నాడు."

వళ్ళియమ్మై నవ్వింది. మరిడమ్మ నవ్వలేదు.

"నాగవల్లి ఏటీ అనదు. మల్లెపూల వాసన కొట్టే డబ్బా ఒకటి తెచ్చి అలమారు మీద ఎట్టింది. రోజూ దుప్పట్లు ఉతుకుతంది, ఎందుకమ్మా అంటే దుమ్మంటంది. నాను గుడ్డిదాన్నేటి? దీన్ని ఎత్తుకుని పెంచినాను, దీని ముక్కుకి ఇప్పుడు నాను కంపయిపోనాను." గొంతు తగ్గింది. "తాతబాబుని గుమ్మం దాటి రానివ్వట్లేదు. అంత మేలు సరుకేసి గది సల్లబరిసినాడు. ఆడి గదిని నా కాలు ఇలగ సేసింది. ఆడి ముందర నాకు తలెత్తబుద్ధి కాదు వళ్ళీ."

"సుమ్మా ఇరు అక్కా, ఊరుకో, ఏటా మాటలు."

"ఈయేడు ఘటం నాను ఎత్తను. జయకుమారోళ్ళకి ఇచ్చేస్తాను."

తాతబాబు వంగిన నడుం అలాగే ఉండిపోయింది. జయకుమార్‌ది ఆ ఊళ్ళోనే ఇంకో తెలుగు ఇల్లు. కానీ అక్కడి తెలుగు ఇళ్ళన్నిటికీ అమ్మవారి పండగ అంటే మరిడమ్మ ఇంటి ఘటం. శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వచ్చిన వాళ్ళ ముత్తవ్వ తెచ్చిన ఇత్తడి బిందె అది. పండగ ముందు దాన్ని అటక మీంచి దింపి, పసుపు రాసి, వేపాకులు కట్టి ఆ ఇంట్లో నిలబెడతారు. అది గుడికి వెళ్ళేదాకా చేపల రేవు పక్కనే ఉన్నా ఆ ఇంటి గుమ్మం చేప తొక్కదు. దాన్ని నెత్తికెత్తుకుని గుడికి తీసుకెళ్ళేది తల్లి తర్వాత కూతురు, ఆ కూతురి తర్వాత ఆమె కూతురు. మరిడమ్మ మొగుడు చనిపోయిన యేడు కూడా, మైల తీరగానే తన చేత్తోనే ఎత్తింది.

అతను ఒక మూల టేపు ఊడదీశాడు. రేకు వెనక నుంచి వచ్చిన వాసన ముఖాన కొట్టింది. పచ్చి చేప వాసన అయితే ఆ ఊళ్ళో ఎవరైనా పట్టేసేవారు. ఇది పులిసిపోయి, తడిసి, మగ్గి, ఆరని పుండు వాసనలా ఉంది. పోట్ల తేమ థర్మాకోల్ గుల్లల్లోంచి దాన్ని మళ్ళీ బయటికి లాగింది. కింద రేకు గట్టిగా మూసి ఉండడంతో, అది పోయే దారి పైకి తప్ప ఇంకోటి లేదు. తన పనితనం తక్కువై ఉంటే ఆ కంపు నదిలోకి పోయేది. తనే దాన్ని అంత శ్రద్ధగా, సందు లేకుండా, ముసలమ్మ మంచం కిందికి ఎక్కించాడు.

అతను ఊడదీసిన టేపుని మళ్ళీ అంటించాడు. బొటనవేలితో అంచు పొడవునా నొక్కాడు కూడా. ఆ తర్వాత చాలాసేపు ఆ వేలిని లుంగీకి తుడుస్తూనే ఉన్నాడు.

కొట్టుకి తిరిగి వచ్చి లెక్క వేశాడు. ఇప్పుడు విప్పితే ఇరుగుపొరుగు చూస్తారు. లోపల ఏముందని అడుగుతారు. మొన్న ముందు కుర్చీలో కూర్చోబెట్టిన చేతులే వేలెత్తి చూపిస్తాయి. ఇలాంటి సరుకు వేసేవాడని పేరు పడితే పిట్టల మేడల మేస్త్రీ కూడా ఇంకో కొట్టు చూసుకుంటాడు. పండగ వెళ్ళాక, ఎవరూ లేనప్పుడు మెల్లగా మార్చేస్తే సరి. అందాకా ముసలమ్మ మనసు కుదుటపడేలా ఏదో ఒకటి చెయ్యాలి. మందుల కొట్లో పుండ్లకి వాడే సబ్బులు ఒక పెట్టెడు, పౌడరు, సాంబ్రాణి కొని, పిన్నికి ఇవ్వమని వళ్ళియమ్మై చేతికి ఇచ్చాడు. చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నాగవల్లి ఆఫీసు బట్టల్లోనే కొట్టుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీకూ వచ్చింది కదన్నయ్యా వాసన."

తాతబాబు మేకుల డబ్బా మూత బిగిస్తూ, "ఏ వాసన?" అన్నాడు.

"మరి ఆ సబ్బులేటి?"

"ఊరికే పంపినాను."

"ఊరికే పంపడానికి పెట్టెడు సబ్బులా?" ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "అమ్మ ఆ పెట్టె ఒళ్ళో ఎట్టుకుని కూకుంది. ‘తాతబాబుకీ తెలిసిపోనాది’ అంది. నా తోటి ఇంకో మాట లేదు. బాత్రూములోకెళ్ళి తలుపేసుకుంది. ఎంత రుద్దేసుకుందంటే పుండు సుట్టూ ఆరిన తోలు కూడా లేసిపోయింది."

తాతబాబు బిగించిన మూతనే విప్పి మళ్ళీ బిగించాడు.

"నిన్ను తప్పు పట్టట్లేదన్నయ్యా. నువ్వు మంచికే సేసినావు. రేపు పొద్దున్న జయకుమారోళ్ళు ఘటానికి వస్తన్నారు. అమ్మ దాన్ని వదిలేస్తంటే నానొక్కర్తినీ సూడలేను. నువ్వొచ్చి నిలబడు, సాలు."

చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే ఒకాయన వచ్చి పడవకి బోల్టులు కావాలన్నాడు. తాతబాబు బోల్టులు తూచడానికి లేచాడు. తూకం సరిచూసి తల ఎత్తేసరికి నాగవల్లి వెళ్ళిపోయింది. ఆ బోల్టులు కాసేపు ఆగగలిగినవే. ఆ సంగతి తాతబాబుకి తెలుసు.

పొద్దున్నే అతను వెళ్ళేసరికి గుడివాళ్ళు కొందరు వాకిట్లో ఉన్నారు. జయకుమార్ కొత్త పంచె కట్టుకుని, పాపాయి అని అందరూ పిలిచే తన తల్లిని తీసుకుని వచ్చాడు. అటక మీంచి దింపిన బిందె వరండాలో పీట మీద ఉంది. మరిడమ్మ దానికి ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా, గోడ మూలకి కుర్చీ వేసుకుని కూర్చుంది. పుండు ఉన్న కాలికి సామాన్లు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచీ తొడిగి, చీలమండ దగ్గర దారంతో బిగించి, దాని మీద కొత్త తువ్వాలు చుట్టుకుంది. తాతబాబుని చూసి ఆ కాలిని కుర్చీ కిందికి లాక్కుంది.

"ఏటయినాది పెద్దమ్మా?" అన్నాడు జయకుమార్. "మా ఇంటికొస్తే మాకు భాగ్గెమే గానీ, నువ్వుండగా మేమెత్తడం ఏటి?"

"మడి తప్పిపోనాను బాబూ. అడక్కండి."

పాపాయి ఊరుకోలేదు. "నువ్వు మడి తప్పడమేటి మరిడీ? ఏ తప్పు సేసినావని?"

మరిడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాగవల్లీ, బిందె నువ్వే అందియ్యమ్మా. నాను ముట్టను."

నాగవల్లి పీట దగ్గరికి వంగింది. తాతబాబు ఆ ప్లాస్టిక్ సంచీ వైపు చూశాడు. దాని మీద ఏదో కొట్టు పేరు ఉంది. లోపల ఆవిరి పట్టి ఉంది. పొడిగా ఉంచమన్న కాలు అది.

అతను వెనక్కి తిరిగాడు. మెట్లు దిగాడు. చొక్కా విప్పి మెట్ల కమ్మీ మీద వేసి ఇంటి కిందికి దూరాడు. రేకు చిరిగిన చప్పుడు పైకి వినిపించింది. తర్వాత మేకులు ఊడిన చప్పుడు. తర్వాత ఒక తెల్లటి పలక ఇంటి కింద నుంచి వాకిట్లోకి వచ్చి పడింది. దాని వెనక ఇంకొకటి. వాటితోపాటు వాసన కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ మంచం కింద దాక్కున్న వాసన నలుగురి మధ్యకి వచ్చేసింది. ముందు నిలబడ్డవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు.

జయకుమార్ ఒక పలకని కాలితో తిరగేశాడు. నీలి రంగు చేప బొమ్మ కనిపించింది.

"ఇదేటిది తాతబాబూ! రెంగసామి సేపల పెట్టెలు కావూ?"

"అవే," అన్నాడు తాతబాబు కింద నుంచి.

"అయ్యయ్యో, మీన్ పెట్టి!" వళ్ళియమ్మై తన కిటికీలోంచి అరిచింది. "ఊరంతటికీ కొత్త బోర్డు అమ్ముతావు, పిన్నికి మీన్ పెట్టా తంబీ?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో, "ముందు కుర్చీ మనిషి," అన్నారు. తాతబాబు బయటికి వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద, జుట్టులో థర్మాకోల్ పూసలు. మాటలు ముందే కూర్చుకుని ఉంటే ఏమనేవాడో గానీ, నోటికి వచ్చింది ఇదే.

"నీ కాలు కాదు పిన్నీ. నా సరుకు."

మరిడమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె వాకిట్లోని పలకల్ని చూసింది, చేప బొమ్మని చూసింది. నెమ్మదిగా వంగి తువ్వాలు విప్పింది. దారం ముడి పంటితో కొరికింది. సంచీ లాగి పారేసింది. కాలిని రెండు చేతులతో ఒళ్ళోకి ఎత్తుకుని, అందరి ముందూ, ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"సబ్బు వాసన," అంది. ఆమె కళ్ళు నిండాయి. "సబ్బు వాసనే వస్తంది నాగవల్లీ."

నాగవల్లి బిందెని పీట మీదే వదిలి తల్లి పక్కన కూలబడింది. మరిడమ్మ మాత్రం తాతబాబునే చూస్తోంది. తిడుతుందనుకున్నాడు. తిడితే కొంత బాకీ చెల్లుతుంది కదా అని కూడా అనుకున్నాడు.

"సబ్బులు పంపినప్పుడు నీకు తెలుసా?" అంది.

అబద్ధానికి చోటుంది. ఇప్పుడే తెలిసిందంటే ఎవరూ కాదనలేరు. వాకిలంతా చెవులు పెట్టుకుని ఉంది.

"తెలుసు పిన్నీ."

"తెలిసే పంపినావా."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. అతను తల దించుకున్నాడు. గుడి మీటింగులో కూడా తల ఇలాగే దించుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

మరిడమ్మ లేచింది. "జయకుమార్ బాబూ, ఈ యేటికి ఎల్లిరండి. ఘటం నానెత్తుతాను. పాపాయీ, నువ్వుండు, పసుపు నూరాలి. వళ్ళీ, నీళ్ళు పట్టు. ఇల్లు కడగాలి." తాతబాబు ఒక మెట్టు ఎక్కబోయాడు. "నువ్వు ఎక్కకు. సేపల కంపు నువ్వు."

అతను దిగిపోయి మిగిలిన పలకలు ఊడదీయడానికి మళ్ళీ కిందికి దూరాడు. పైన ఆడవాళ్ళు బిందెలకి బిందెలు పసుపు నీళ్ళు పోసి కడిగారు. నేల సందులు ఇప్పుడు తెరిచే ఉన్నాయి. నీళ్ళన్నీ అతని నెత్తి మీదికే వచ్చాయి. కింద మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలుసు. ఎవరూ ఆగలేదు, అతనూ ఆగమనలేదు.

బయటికి వచ్చేసరికి వళ్ళియమ్మై మెట్ల మీద ఒక అట్టపెట్టె పెట్టింది. అతను పంపిన సబ్బుల పెట్టే. పైన ఒకటి తీసి ఉంది, మిగతావి అలాగే ఉన్నాయి.

"అక్క ఇమ్మన్నాది. అదిగో కుళాయి."

వాకిట్లో కుళాయి కింద, వచ్చేపోయేవాళ్ళ ముందు, తాతబాబు ఆ సబ్బుతో ఒళ్ళు రుద్దుకున్నాడు. చర్మం మండింది. ఒక సబ్బు సగం అరిగేదాకా రుద్దుకున్నాడు. ఆ తర్వాత కొట్టుకి వెళ్ళి, గోడౌన్‌లో పిట్టల మేడకని దాచిన కొత్త బోర్డులు వ్యానుకెక్కించాడు. మేస్త్రీకి ఫోను చేసి సరుకు లేదని చెప్పాడు. ఎందుకు లేదని మేస్త్రీ అడగలేదు, ఊళ్ళో మాట అతని కంటే ముందే అక్కడికి చేరింది. "నీ సరుకు ఇక నాకొద్దు లే," అని పెట్టేశాడు.

తిరిగి వచ్చి మొదటి బోర్డుతో ఇంటి కిందికి వంగుతుంటే పై నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఒరే, అదేటి తెచ్చినావు?"

"కొత్త బోర్డు పిన్నీ. కవరు కూడా తియ్యలేదు."

"కవరు నాకెందుకు? పైకి తెచ్చి సూపించు."

అతను మెట్లెక్కి, గుమ్మం దాటకుండా, బోర్డుని కవరు చింపి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. కొట్టులో ఎందరో అతని సరుకుని గిల్లి చూశారు, వంచి చూశారు, గీరి చూశారు. వాళ్ళు చూస్తున్నంతసేపూ అతను వాళ్ళ ముఖం చూసి ఎంతకి ఒప్పుకుంటారో చెప్పగలిగేవాడు. ఇప్పుడు పిన్ని ముఖం వైపు చూడలేక తన కాలివేళ్ళు చూసుకున్నాడు. మరిడమ్మ కట్టు మార్చిన కాలితో మెల్లగా నడిచి వచ్చింది. ముందుకు వంగి బోర్డు ఈ మూల వాసన చూసింది, ఆ మూల చూసింది, తిప్పమంది, వెనక కూడా చూసింది. ఆమె వెనక పీట మీద వేపాకులు కట్టిన ఇత్తడి బిందె ఉంది.

"ఊ," అంది. "ఎయ్యి. ఇంకోటి తే."

అతను దిగి దాన్ని దూలాల మధ్య బిగించాడు. ఇంకొకటి తెచ్చి మళ్ళీ మెట్లెక్కి గుమ్మం ముందు నిలబడ్డాడు. వ్యానులో ఇంకా చాలా ఉన్నాయి. ఆమె ఏ ఒక్కదాన్నీ చూడకుండా వదల్లేదు.